రష్యా స్నేహ సభకి మామయ్యగారు ఎర్ర బ్యాడ్జి పెట్టుకుని వస్తానంటున్నారు, ఏం చేయను?

పటమట_పద్మ
వచ్చే శనివారం సాయంత్రం మా విజయవాడలో భారత్-రష్యా స్నేహ సభ ఉంది. మా అమ్మాయి రష్యాలో మెడిసిన్ మూడో సంవత్సరం చదువుతోంది. దాన్ని పంపిన కన్సల్టెన్సీ వాళ్ళు తల్లిదండ్రులందరికీ కార్డులు పంచారు. రెండు జెండాలు, బంగారు అక్షరాలు, పెళ్ళి శుభలేఖకి ఏమీ తీసిపోదు. లోపల మాత్రం "సాయంత్రం 5 గంటలకు" అన్న ముక్క తప్ప ఏం చేస్తారో, ఎంతసేపు చేస్తారో ఏమీ లేదు.

మావారికి ఆ రోజు డ్యూటీ. కాబట్టి వెళ్ళేది నేనూ, మా మామయ్యగారూ. కార్డు చూసిన దగ్గర్నుంచి ఆయన్ని పట్టలేకపోతున్నాం. 76 ఏళ్ళు. మోకాళ్ళ నొప్పులని కొండ మీద అమ్మవారి గుడికి రావడం కూడా మానేసిన మనిషి, ఇప్పుడు రోజూ పొద్దున్నే డాబా మీద నడక ప్రాక్టీసు. ఒకప్పుడు ఇస్కస్ (భారత-సోవియట్ సాంస్కృతిక సంఘం) సభ్యుడట. నిన్న బీరువా అడుగు నుంచి ఒక ఎర్ర బ్యాడ్జి తీశారు. ఐదు కోణాల నక్షత్రం, మధ్యలో ఉంగరాల జుట్టు పిల్లాడి బొమ్మ. అది చొక్కాకి పెట్టుకుని వస్తారట. "ఇప్పుడున్నది సోవియట్ కాదు కదా మామయ్యగారూ" అంటే "ఆ సంగతి నాకు తెలీదనుకున్నావా అమ్మా" అని పేపరు అడ్డం పెట్టుకున్నారు.

అక్కడ ఎవరైనా నవ్వుతారేమోనని నా టెన్షన్. ఇలాంటి వాటికి వెళ్ళినవాళ్ళు చెప్పండి. వాళ్ళ జాతీయగీతానికి కూడా లేచి నిలబడాలా? చేత్తో ఏమైనా పట్టుకెళ్ళాలా? పట్టుచీర మరీ ఎక్కువవుతుందా?

బెజవాడ_బుల్లోడు
5 గంటలు అంటే 6.30 అక్కా. పట్టుచీర కట్టుకోవడానికే కాదు, నేయించుకోవడానికి కూడా టైముంది.

కృష్ణలంక_కుమారి
ఈ ఉక్కలో పట్టుచీరేంటండీ. మంగళగిరి కాటన్ కట్టుకోండి. ఒకసారి ఇలాంటి సభకే నేను కంచిపట్టుతో వెళితే ఏసీ పనిచేయలేదు. ప్రసంగాలు అయ్యేసరికి నన్నే పిండి ఆరేయాల్సి వచ్చింది.

రిటైర్డ్_తాసీల్దార్
రెవెన్యూలో 31 ఏళ్ళు చేశాను. ఎక్కడి అతిథి వచ్చినా ప్రోటోకాల్ పని మా నెత్తి మీదే పడేది. తెలిసినంత చెబుతాను.

వాళ్ళ గీతానికి కూడా లేచి నిలబడాలి. కదలకుండా నిలబడితే చాలు, పాడక్కర్లేదు, సెల్యూట్ చేయక్కర్లేదు. మామూలుగా అతిథి దేశం గీతం ముందు వేస్తారు, ఆ వెంటనే మనది. మధ్యలో కూర్చోకండి. సగం హాలు మొదటిది అవగానే కూర్చుని, జనగణమన మొదలవగానే కుర్చీలు కిర్రుమనిపిస్తూ మళ్ళీ లేస్తుంది. మనది 52 సెకన్లు. వాళ్ళది పూర్తిగా వేస్తే మూడు నిమిషాలు దాటుతుంది. మామయ్యగారి మోకాళ్ళ కోసం, ముందు కుర్చీ వీపు పట్టుకుని నిలబడే వీలున్న వరసలో కూర్చోండి.

ద్వారం దగ్గర చిన్న కాగితం జెండాలు ఇస్తారు. అయిపోయాక అక్కడే కింద పడేసి రావద్దు, ఫ్లాగ్ కోడ్ ఒప్పుకోదు. ఇంటికి తెచ్చుకుని గౌరవంగా తీసేయాలి. వేదిక మీద రెండు జెండాలు పక్కపక్కన ఉంటే మనది కుడివైపు ఉండాలి. అంటే హాల్లో కూర్చున్న మీకు ఎడమచేతి వైపు కనిపించాలి. కర్రలు ఇంటూ గుర్తులా అడ్డంగా పెడితే మన కర్ర ముందుండాలి. నేను చూసిన సభల్లో సగం చోట్ల ఇది తప్పే.

బ్యాడ్జికి రూలేమీ లేదు. వేదిక ఎక్కని మనిషి చొక్కాకి ఏం పెట్టుకుంటే ఎవరికేం?

ఫ్లెక్సీ_బాబాయ్
తాసీల్దారు గారూ, కర్రలు వదిలేయండి, రంగులు సరిగ్గా ఉంటే అదే పదివేలు. నాది ప్రింటింగ్ పని. రష్యా జెండా పైనుంచి కిందికి తెలుపు, నీలం, ఎరుపు. ఒకసారి మా కుర్రాడు కంగారులో తిరగేసి కొట్టాడు. ఎరుపు, నీలం, తెలుపు అంటే సెర్బియా. 20 అడుగుల బ్యానరు! రాత్రి 11కి ఎవరో ఫోన్ చేసి చెబితే తెల్లారేలోపు మళ్ళీ కొట్టి ఇచ్చాం. ఆ డబ్బులు నా జేబులోంచే పోయాయి.

బెజవాడ_బుల్లోడు
సెర్బియా వాళ్ళని కూడా పిలిచేస్తే పోయేది కదా బాబాయ్, డబ్బులు మిగిలేవి.

కొరిటెపాడు_రావు
పద్మ గారూ, మామయ్యగారిని వెళ్ళనివ్వండి. కానీ ఆ స్నేహం గురించి మాకు గుంటూరులో వేరే జ్ఞాపకాలున్నాయి. మా నాన్నగారిది పొగాకు వ్యాపారం. 70ల్లో, 80ల్లో ఇక్కడ రష్యా అంటే పుస్తకాలూ కాదు, సర్కస్సూ కాదు. పొగాకు. వాళ్ళు పెద్ద కొనుగోలుదారు. లెక్కంతా రూపాయల్లో, డాలర్ల గొడవ లేదు. వాళ్ళు కొంటారంటే ఆ ఏడాది పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లు నిండేవి, ఇళ్ళలో పెళ్ళిళ్ళు అయ్యేవి. 1991లో ఆ దేశమే లేకుండా పోయింది. కొనేవాడు మ్యాప్‌లో లేకపోతే సరుకు ఎవరికి అమ్మాలి? మా గోడౌన్‌లో బేళ్ళు రెండేళ్ళు పడున్నాయి. మా అక్క పెళ్ళి కూడా అన్నాళ్ళూ పడుంది.

ఇప్పుడు ఆవిడకి మనవళ్ళు. అయినా టీవీలో రష్యా అని వినబడితే ఛానల్ మార్చేస్తుంది.

పాతపుస్తకం
రావు గారూ, మీకు పొగాకు, మాకు కాగితం. ఏలూరు రోడ్డు విశాలాంధ్రలో సోవియట్ పుస్తకాలు రెండు మూడు రూపాయలకి దొరికేవి. గట్టి అట్ట, తళతళలాడే బొమ్మలు, చివరి పేజీలో "మాస్కో, ప్రగతి ప్రచురణాలయం". తర్వాత రాదుగ వాళ్ళవి వచ్చాయి. మన తెలుగువాళ్ళే అక్కడ ఉండి అనువాదాలు చేశారు. మాస్కో రేడియోలో తెలుగు కూడా వచ్చేది. అందులో తెలుగు మరీ శుభ్రంగా ఉండేది, మా ఇంట్లో ఎవరూ అలా మాట్లాడేవారు కాదు.

ఇప్పటికీ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్ల దగ్గర ఆగుతాను. ఆ పుస్తకం దొరికితే ఇప్పుడు రెండు రూపాయలు కాదు, మూడొందలు అడుగుతున్నాడు. సోషలిజం పోయినట్టే.

సింగ్‌నగర్_సీత
మా క్లాసులో ఇద్దరు లెనిన్‌లు, ఒక స్టాలిన్, ఒక గగారిన్, వెనక బెంచీలో నటాషా. టీచరు హాజరు పిలుస్తుంటే మాస్కోలో మీటింగు జరుగుతున్నట్టుండేది.

బెజవాడ_బుల్లోడు
ఆ స్టాలిన్ ఇప్పుడేం చేస్తున్నాడు?

సింగ్‌నగర్_సీత
చీటీలు వేస్తాడు.

లెక్కల_మాస్టారు
అందరూ మిత్రదేశం, మిత్రదేశం అంటున్నారు కాబట్టి ఒక మాట. మిత్రదేశం వేరు, సైనిక కూటమి వేరు. 1971 ఆగస్టు 9న ఢిల్లీలో మన విదేశాంగ మంత్రి స్వరణ్ సింగ్, వాళ్ళ విదేశాంగ మంత్రి గ్రొమికో సంతకాలు పెట్టింది శాంతి, మైత్రి, సహకార ఒప్పందం మీద. 20 ఏళ్ళకి. అందులో తొమ్మిదో అధికరణం ముఖ్యం: ఇద్దరిలో ఒకరి మీద దాడి జరిగినా, జరిగేలా ఉన్నా వెంటనే సంప్రదించుకోవాలి. "వచ్చి యుద్ధం చేస్తాం" అని ఎక్కడా లేదు. ఆ డిసెంబరులో బంగ్లాదేశ్ యుద్ధం వచ్చింది. అమెరికా తన ఎంటర్‌ప్రైజ్ నౌకని బంగాళాఖాతం వైపు పంపింది, భద్రతా మండలిలో సోవియట్ వాళ్ళు మన తరఫున వీటో వేశారు. సోవియట్ పోయాక 1993 జనవరిలో రష్యాతో కొత్త ఒప్పందం రాసుకున్నారు. అందులో ఆ పాత తొమ్మిదో అధికరణం లేదు. అందుకని ఇప్పటి సభనీ అప్పటి సభనీ ఒకే గాటన కట్టకండి.

కృష్ణలంక_కుమారి
మాస్టారూ, ప్రశ్న చీర గురించి.

లెక్కల_మాస్టారు
చీర సంగతి మీరు చెప్పేశారు కదమ్మా. మిగిలింది నేను చెప్పాను.

మాస్కో_87
నేను 87లో వెళ్ళి లుముంబా యూనివర్సిటీలో ఇంజనీరింగ్ చదివాను. పద్మ గారు రాసిన బ్యాడ్జి వర్ణన చూసి రెండుసార్లు చదివాను. ఎర్ర నక్షత్రం, మధ్యలో ఉంగరాల జుట్టు బాబు. ఆ బాబు చిన్నప్పటి లెనిన్. అది పార్టీ బ్యాడ్జి కాదు, ఇస్కస్‌ది కాదు. దాన్ని అక్త్యబ్ర్యోనక్ బ్యాడ్జి అంటారు. ఏడేళ్ళ నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలు బడికి పెట్టుకెళ్ళేది. అంటే మన లెక్కలో రెండో క్లాసు, మూడో క్లాసు. ఆ తర్వాత పయనీర్లు అవుతారు, ఎర్ర స్కార్ఫ్ కట్టుకుంటారు. అప్పుడు వేరే బ్యాడ్జి వస్తుంది.

76 ఏళ్ళ పెద్దమనిషి అది పెట్టుకుని సభకి వెళ్ళడం అంటే… ఎలా చెప్పాలి… మెడలో ఎల్‌కేజీ ఐడీ కార్డు వేసుకుని వెళ్ళినట్టు.

బెజవాడ_బుల్లోడు
🤣🤣 క్షమించండి అక్కా, ఆపుకోలేకపోయాను.

పటమట_పద్మ
అయ్యో. ఇప్పుడు ఈ సంగతి ఆయనకి ఎలా చెప్పను? నలభై ఏళ్ళుగా దాచుకున్నారండీ. దూదిలో చుట్టి, అమృతాంజనం డబ్బాలో.

సింగ్‌నగర్_సీత
చెప్పకండి. ఎవరు చూస్తారు, ఎవరికి తెలుసు?

మాస్కో_87
వచ్చే రష్యన్లలో యాభై దాటిన ప్రతివాళ్ళకీ తెలుసు సీత గారూ. వాళ్ళందరూ చిన్నప్పుడు పెట్టుకున్నదే. నవ్వుతారు, కానీ వెటకారంగా నవ్వరు. ముద్దుగా నవ్వుతారు. అదే ఇంకా ఇబ్బంది.

కొరిటెపాడు_రావు
చెప్పేయడమే మంచిది. పెద్దాయన నలుగురిలో తెలుసుకుంటే చిన్నబుచ్చుకుంటారు. ఇంట్లో తెలిస్తే ఓ పూట అన్నం మానేస్తారు, అంతే.

కృష్ణలంక_కుమారి
మీ మగవాళ్ళకి సులువే. మామగారికి ఆ మాట చెప్పాల్సింది కోడలు. రేపు కూరలో ఉప్పు తక్కువైనా ఆ కోపంతోనే అంటారు. మీ ఆయన చేత చెప్పించండి పద్మా.

పటమట_పద్మ
ఆయన చేత చెప్పిస్తే "నాన్నా, అది ఎల్‌కేజీ పిల్లలదట" అని టీవీ చూస్తూ చెప్పేస్తారు. వద్దు.

ఖార్కివ్_నాన్న
అందరూ నవ్వుతుంటే మధ్యలో ఈ మాట అంటున్నందుకు ఏమనుకోకండి. నేనైతే ఆ సభకి వెళ్ళను. మావాడు ఉక్రెయిన్‌లో, ఖార్కివ్‌లో ఎంబీబీఎస్ చదివేవాడు. 2022 ఫిబ్రవరిలో రష్యా దాడి మొదలయ్యాక మెట్రో స్టేషన్‌లో ఆరు రాత్రులు పడుకున్నాడు. తర్వాత కొంత దూరం నడిచి, కొంత రైల్లో నిలబడి సరిహద్దు దాటాడు. మన ప్రభుత్వం పంపిన ఆపరేషన్ గంగ విమానంలో వచ్చాడు. విమానాశ్రయంలో వాణ్ణి చూసి గుర్తుపట్టడానికి నాకు ఒక క్షణం పట్టింది. ఎవరి స్నేహం గురించి చప్పట్లు కొట్టమంటారు?

లెక్కల_మాస్టారు
మీ బాధ అర్థమవుతుంది. కానీ మన దేశం స్నేహం మన అవసరాల కోసం కదండీ. విశాఖ ఉక్కు వాళ్ళ సాయంతో వచ్చిందే. 1979లో ఒప్పందం అయింది. ఆర్యభట్టని 1975లో పైకి పంపింది వాళ్ళ రాకెట్టే.

ఖార్కివ్_నాన్న
అవన్నీ చేసింది సోవియట్ యూనియన్ మాస్టారూ. అందులో 15 రిపబ్లిక్కులు. ఖార్కివ్ కూడా అందులోదే. ఆ లెక్కన మీ ఉక్కులో సగం స్నేహం అటువైపుది. సభలో ఆ మాట ఎవరైనా అంటారా?

పాతపుస్తకం
ఈయన అన్నది నిజం. నా దగ్గరున్న పిల్లల పుస్తకాల్లో ఉక్రెయిన్ జానపద కథలూ ఉన్నాయి. చిన్నప్పుడు అన్నీ "రష్యా పుస్తకాలే" మనకి.

బెజవాడ_బుల్లోడు
నేను వెళ్ళేవాణ్ణి. స్నాక్స్ కోసం.

మోడరేటర్
యుద్ధం గురించి వేరే చర్చ తెరిచి ఉంది. ఖార్కివ్_నాన్న గారి పోస్టు తీయడం లేదు, అది ఆయన అనుభవం. దాని మీద వాదనలు మాత్రం అటు తీసుకెళ్ళండి. ఇక్కడ ప్రశ్న చీర, బ్యాడ్జి, బహుమతి.

కృష్ణలంక_కుమారి
బహుమతికి ఆవకాయ వద్దు తల్లీ. విమానంలో కారిపోతే ఆ స్నేహం అక్కడితో సరి. కొండపల్లి బొమ్మ తీసుకెళ్ళండి. తేలికైన కర్ర, పగలదు, మన ఊరిది.

మాస్కో_87
పూలగుత్తి ఇచ్చేటట్టయితే పూలు లెక్కపెట్టండి. మూడు, ఐదు, ఏడు అలా బేసి సంఖ్యే ఉండాలి. సరిసంఖ్య పూలు వాళ్ళు చావుకి తీసుకెళ్తారు. నేను వెళ్ళిన కొత్తలో మా టీచరమ్మ పుట్టినరోజుకి ఆరు గులాబీలు పట్టుకెళ్ళాను. ఆవిడ ఏమీ అనకుండా ఒకటి తీసి నా చేతికే ఇచ్చింది. నా మీద ఇష్టంతో ఇచ్చిందనుకుని ఆ గులాబీని నెల రోజులు పుస్తకంలో దాచాను.

ఇంకొకటి, గడప మీద నిలబడి కరచాలనం చేయరు. లోపలికైనా రావాలి, బయటికైనా రావాలి.

సింగ్‌నగర్_సీత
గడప మీద నిలబడి ఇచ్చిపుచ్చుకోవడం మనకీ లేదుగా. వాళ్ళు మనవాళ్ళే.

మాస్కో_87
అంత తొందరపడకండి. పెద్ద అతిథి వస్తే వాళ్ళు రొట్టె మీద ఉప్పుగిన్నె పెట్టి ఎదురెళ్తారు. అతిథి ముక్క తుంచి ఉప్పులో అద్దుకుని తినాలి.

కృష్ణలంక_కుమారి
ఉప్పు చేతికిస్తే గొడవలొస్తాయని మా అమ్మమ్మ ఉప్పుడబ్బా కూడా కింద పెట్టి తీసుకోమనేది. సరిపోయింది.

రిటైర్డ్_తాసీల్దార్
116 రూపాయలు చదివించే మనం సరిసంఖ్య తప్పని వాళ్ళకి ఎలా చెబుతాం! దండలు వేస్తే ఈ బాధ ఉండదు, దండలో పూలు ఎవరూ లెక్కపెట్టరు.

మాస్కో_87
అన్నట్టు పద్మ గారూ, గీతం వచ్చినప్పుడు మామయ్యగారిని గమనించండి. ఇప్పటి రష్యా గీతం ట్యూను పాత సోవియట్ గీతానిదే, 1944 నాటిది. సోవియట్ పోయాక పక్కన పెట్టి, 2000 డిసెంబరులో మాటలు మార్చి మళ్ళీ తెచ్చుకున్నారు. ఇస్కస్ సభలకి వెళ్ళినవాళ్ళు టక్కున గుర్తుపడతారు.

పటమట_పద్మ
సరే. చీర మంగళగిరిది. బొమ్మ కొండపల్లి ఏనుగు. పూలు ఏడు. బ్యాడ్జి సంగతి ఆయనకి చెప్పదల్చుకోలేదు. వచ్చాక రాస్తాను.

బెజవాడ_బుల్లోడు
స్నాక్స్ కూడా రాయాలి.

(ఆదివారం)

పటమట_పద్మ
వెళ్ళొచ్చాం. కాస్త పెద్దదే రాస్తున్నాను, ఓపికున్నవాళ్ళు చదవండి.

5 అన్నది 6.25కి మొదలైంది. బుల్లోడికి మార్కులు. ఫ్లెక్సీలో జెండా రంగులు సరిగ్గానే ఉన్నాయి, కానీ "మైత్రి"కి బదులు "మత్రి" అని పడింది. బల్ల మీద చిన్న జెండాలు ఇంటూ గుర్తులా పెట్టారు, మన కర్ర వెనక్కి వెళ్ళింది. నేను పొరపాటున తాసీల్దారు గారు రాసింది మామయ్యగారికి ముందే చదివి వినిపించాను. ఇంకేం, వెళ్ళి సరిచేస్తానని లేవబోయారు. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. అరగంట తర్వాత మంచినీళ్ళ వంకతో వెళ్ళి సరిచేసే వచ్చారు!

గీతాలు ఫోన్లోంచి వేశారు. అందరం లేచి నిలబడ్డాం, వేదిక మీద అతిథి కూడా నిటారుగా నిలబడ్డారు, స్పీకర్లోంచి ముందు సబ్బు ప్రకటన వచ్చింది. అది దాటేదాకా ఎవరూ కదల్లేదు. మామయ్యగారు ట్యూను వినగానే నా వైపు చూశారు. మోకాళ్ళు వణుకుతున్నా ముందు కుర్చీ పట్టుకోలేదు.

ప్రసంగాలు పదకొండు. నలుగురు రాకేశ్ శర్మని అంతరిక్షంలోకి పంపారు. 1984 ఏప్రిల్ అని ఒకరు, మే అని ఇంకొకరు. ఒక్కరూ ఆయన్ని కిందికి దించలేదు. అతిథి మాత్రం ఆరు నిమిషాల్లో ముగించారు, దుబాసీ ఒకావిడ చక్కటి తెలుగులో చెప్పింది. ఖార్కివ్_నాన్న గారు అడిగిన మాట ఎవరూ అనలేదు. శాలువాలు మొదలయ్యాక ఆ ఉక్కలో పాపం అతిథికి మూడు కప్పారు.

తర్వాత కూచిపూడి తరంగం. ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి అమ్మాయి ఆడుతుంటే రష్యా పిల్లలు వేదిక పక్కన నిలబడి ఫోన్లు కూడా తీయకుండా చూశారు. తర్వాత వాళ్ళ జానపద నృత్యం, గిర్రున తిరిగే ఎర్ర గౌన్లు. నా వెనక వరసలో ఒక పెద్దావిడ "పడిపోతార్రా, చూసుకోండి" అంటూనే ఉంది.

ఇక బ్యాడ్జి. వేదిక మీది పెద్దలెవరూ మా వైపు రాలేదు, ఫొటోలవగానే వెళ్ళిపోయారు. టిఫిన్ల దగ్గర నాట్యం చేసిన పిల్లల్లో ఒకమ్మాయి, ఇరవై ఏళ్ళుంటాయేమో, మామయ్యగారి చొక్కా చూసి ఆగింది. "పయనీర్?" అంది. నా గుండె జారిపోయింది. మామయ్యగారు వెంటనే "న్యెత్, న్యెత్" (కాదు, కాదు) అని చెయ్యి మోకాలి ఎత్తున పెట్టి చూపించి, "అక్త్యబ్ర్యోనక్" అన్నారు. దుబాసీ ఆవిడ పరుగున వచ్చింది. "పయనీర్ల కంటే చిన్నపిల్లలది, ఏడేళ్ళ వాళ్ళదని చెప్పమ్మా. ఈ అమ్మాయి సోవియట్ పోయాక పుట్టింది, దానికెలా తెలుస్తుంది" అన్నారు. అంటే మనందరం వారం రోజులు బెంగపడిన రహస్యం ఆయనకి మొదటి నుంచీ తెలుసు. పైగా ఒక రష్యన్ అమ్మాయికి పాఠం చెప్పారు.

ఆటోలో అడిగితే అప్పుడు చెప్పారు. విశాఖ ఉక్కు కట్టేటప్పుడు ఆయన అక్కడ క్రేన్ ఆపరేటరు. కింద నిలబడి సైగలు చేసే సోవియట్ ఫోర్‌మన్ "వీరా" అంటే పైకెత్తాలట, "మైనా" అంటే దించాలట. భాష రాకపోయినా ఆ రెండు మాటలతో మూడేళ్ళు గడిచాయన్నారు. ఆ ఫోర్‌మన్ కొడుకు ఎనిమిదేళ్ళ వాడు, క్రేన్ ఎక్కించమని వెంటపడేవాడు. ఎక్కించలేదు, కానీ ఒక కొండపల్లి ఏనుగు తెచ్చి ఇచ్చారట. వాడు ఊరెళ్ళిపోయే రోజు, "నేను పయనీర్ని అవుతాను, నాకింక ఇది అక్కర్లేదు" అని చొక్కా నుంచి తీసి ఇచ్చాడట.

వాళ్ళ ఊరు జపరోజ్యే. ఇంటికొచ్చి మ్యాప్‌లో చూశాను. ఉక్రెయిన్‌లో ఉంది. మామయ్యగారికి అది కూడా తెలుసు. "వాడికి ఇప్పుడు యాభై దగ్గర పడుంటాయి. ఏ వైపున్నాడో" అన్నారు. ఆ తర్వాత బెంజ్ సర్కిల్ దాటేదాకా ఏమీ మాట్లాడలేదు.

స్నాక్స్: ఒక సమోసా, ఒక మైసూర్‌పాక్, కప్పులో సగం టీ.

బెజవాడ_బుల్లోడు
సమోసా కోసం 11 ప్రసంగాలు! నేను రాకపోవడమే మంచిదైంది. మామయ్యగారికి నా నమస్కారాలు చెప్పండి అక్కా. "వీరా" అంటే మన తెలుగు వీరుడనుకున్నా.

మాస్కో_87
వీరా, మైనా! ముప్ఫై ఏళ్ళ తర్వాత విన్నాను ఆ మాటలు. మా హాస్టల్ మంచం మూడో అంతస్తుకి ఎక్కించేటప్పుడు అందరం ఇవే అరిచేవాళ్ళం. ఎల్‌కేజీ ఐడీ కార్డు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

రిటైర్డ్_తాసీల్దార్
కర్ర సరిచేసినందుకు ఆయనకి నా తరఫున ధన్యవాదాలు. నా సర్వీసులో నేనెప్పుడూ మంచినీళ్ళ వంక పెట్టే ధైర్యం చేయలేదు.

ఖార్కివ్_నాన్న
మావాడి స్నేహితులు కొందరు జపరోజ్యే మెడికల్ కాలేజీలోనే చదివారు. పెద్దాయనకి ఆ పిల్లాడి ఇంటిపేరు గుర్తుంటే నాకు విడిగా మెసేజ్ పెట్టండి. దొరుకుతాడని కాదు. మావాడికి అక్కడి వాళ్ళు కొందరు ఇంకా టచ్‌లో ఉన్నారు, అడిగి చూస్తాడు.

పటమట_పద్మ
అడిగాను. పేరు అల్యోషా అని గుర్తుంది. ఇంటిపేరు కోసం పాత డైరీలు దించమన్నారు. అటక మీదున్నాయి. రేపు దించుతాం.

ఇంకో సాయం కావాలి. ఆ అమ్మాయి బ్యాడ్జి చేతిలోకి తీసుకుని చూస్తుంటే వెనక సూది విరిగింది. పాపం దానికి ఏడుపొక్కటే తక్కువ. మామయ్యగారు "హరషో, హరషో" (ఫరవాలేదు) అని దాన్నే ఓదార్చారు. వన్‌టౌన్‌లో ఎవరైనా టంకం వేసి అతికిస్తారా?

పాతపుస్తకం
శివాలయం వీధి వైపు చిన్నచిన్న కంసాలి కొట్లున్నాయి, అడిగి చూడండి.

మాస్కో_87
ముందు అది ఏ లోహమో చూడండి. ఆ బ్యాడ్జీల్లో చాలావరకు అల్యూమినియం. దానికి మామూలు టంకం పట్టదు, పైగా వేడి చేస్తే ఎర్ర రంగు పోతుంది.

ఫ్లెక్సీ_బాబాయ్
పట్టుకురండమ్మా. మా షాపులో పేరు బ్యాడ్జీల వెనక అతికించే సూదులు డబ్బాడున్నాయి, మంచి జిగురూ ఉంది. రెండు నిమిషాల పని. డబ్బులొద్దు. జెండా మాత్రం తిరగేసి అతికించనులే.